మంచు పట్టిన గోడ మీద ముగ్గురం

చైనా వెళ్ళొచ్చానంటే నర్సీపట్నంలో ఎవరైనా ముందు అడిగేది ఒక్కటే. "గోడ చూశారా మేడమ్?" చూశాననే చెబుతాను. అంతకుమించి చెప్పాలంటే కష్టం. ఆ రోజు నాకు గోడ కనిపించింది తక్కువ, మంచు కనిపించింది ఎక్కువ. కలలో తిరిగొచ్చిన ఊరి గురించి ఎవరైనా అడిగితే ఎలా తడుముకుంటామో, ఆ రోజు గురించి అడిగినా అలాగే తడుముకుంటాను. అందుకే ఒకసారి మొదట్నుంచీ రాసుకోవాలనిపించింది.

వెళ్ళింది ఇద్దరం, నేనూ మా తోడికోడలూ. ఆవిడ మా బావగారి భార్య. నాకంటే బాగా పెద్ద. నేను అక్కా అని పిలుస్తాను. వాళ్ళది ఎస్. రాయవరం పక్కన చిన్న పల్లె. వరి, చెరకు, మెరక మీద కాస్త జీడితోట. మేం నర్సీపట్నంలో ఉంటాం. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను, మా ఆయనకి ఎరువుల షాపుంది. మమ్మల్ని చైనా రమ్మన్నది పాప. అక్కడ ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి తెల్లకోటు వేసుకుని తిరుగుతున్నా, ఇంట్లో అందరికీ ఆమె ఇంకా పాపే. పట్టా పుచ్చుకునే రోజుకి పెద్దవాళ్ళెవరైనా రావాల్సిందేనని పట్టుబట్టింది.

పాప గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. పాపని కన్నది నేను, పెంచింది అక్క. నాకు మొదట ఒక ఆడపిల్ల, తర్వాత ఈ పిల్ల. అక్కకి పెళ్ళయి ఎన్నేళ్ళయినా కడుపు పండలేదు. పాలపళ్ళు రాకముందే పాప ఆ ఇంటికి వెళ్ళింది, ఆ ఇంటి పిల్ల అయింది. ఆవిడని అమ్మా అంటుంది, నన్ను పిన్నీ అంటుంది. ఇందులో రహస్యమేమీ లేదు. మా వీధిలో చేపలు తెచ్చే మనిషికి కూడా తెలుసు. పాపకి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ మాట్లాడరు, అంతే. పండగలకి కలుస్తాం, పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చుంటాం, "బాగున్నావా అక్కా" అంటే "బాగున్నాను సెల్లీ" అంటుంది. మా ఇద్దరి మధ్యా గొడవ అన్నది ఏనాడూ లేదు. గొడవ రాకుండా ఇద్దరం జాగ్రత్తపడుతూ వచ్చాం.

బావగారు ఆకుమళ్ళు పోసుకునే రోజులని వంక పెట్టారు. అసలు కారణం ఆయనకి విమానమంటే భయం. మా ఆయన ఖరీఫ్ ముందు షాపు వదిలి కదలనన్నాడు. అప్పుడు అక్క ఫోన్ చేసింది.

"సెల్లీ, నువ్వు నాతోటి రావాల. నాకు ఇంగ్లీసు రాదు. ఇమానంలో మంచినీల్లెలాగ అడగాలో కూడా తెల్దు. నువ్వుంటే దైర్నం."

అన్నేళ్ళలో ఆవిడ నోరు తెరిచి నన్ను ఒకటి అడగడం అదే మొదలు. సరేనన్నాను.

విశాఖలో విమానమెక్కి, మధ్యలో ఇంకొకటి మారి, పాప చదివిన ఊరు చేరాం. పట్టాల పండగ బాగా జరిగింది. నల్లగౌను వేసుకున్న పాప పక్కన అక్క జరీ అంచు చీరలో బిగుసుకుని నిలబడితే నేను ఫోటో తీశాను. ఆ తర్వాత రైల్లో బీజింగ్ వచ్చాం. తిరుగు విమానం రెండు రోజుల తర్వాత. మధ్యలో ఒక రోజంతా ఖాళీ. పాప ఆ రోజుకి గోడా, దాని దగ్గర్లోనే కొండ కింద ఉన్న ఒక పాత గుడీ చూపిస్తానంది.

ముందు రాత్రి ముగ్గురం ఒకే గదిలో పడుకోవడంతో నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున కారెక్కేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆ నిద్రమత్తు రోజంతా వదల్లేదు. అందుకేనేమో ఆ రోజు చూసినవన్నీ నాకు ఎక్కడో ముందే చూసినట్టుగా గుర్తున్నాయి.

కారు నడిపింది ఒక ఆడమనిషి. నా వయసుదే. పొట్టి జుట్టు, చేతులకి ఎండ తగలకుండా పూల తొడుగులు. పక్కన గాజు సీసాలో ఆకులు తేలుతున్న వేడినీళ్ళు పెట్టుకుని గుక్కగుక్కగా తాగుతోంది. ఊరు దాటాక సన్నగా జల్లు మొదలైంది. రోడ్డుకి రెండు వైపులా కొండవాలు మీద గుబురుగా చెట్లు, వాటికి పొడుగాటి లేత పూత.

"జీడితోటలాగున్నాది," అంది అక్క అద్దానికి ముక్కు ఆనించి. "పూత మాత్రం అది కాదు. ఏటే ఆ సెట్లు?"

పాప డ్రైవర్‌ని అడిగి చెప్పింది. "ఇవి కూడా గింజలకోసమే అమ్మా. చలికాలంలో వేయించి రోడ్డు పక్కన అమ్ముతారు. తియ్యగా ఉంటాయి."

"మరైతే జీడితోటే," అని అక్క తీర్మానం చేసింది.

గోడ కొండ మీద ఉంటుంది. పైకి రోప్‌వేలో వెళ్ళాలి. వైజాగ్ కైలాసగిరి మీద ఎక్కిన రోప్‌వే లాంటిదే అనుకుని ధీమాగా కూర్చున్నాను. అద్దాల పెట్టె కాస్త పైకి లేచిందో లేదో తెల్లటి మబ్బులోకి దూరిపోయింది. కింద చెట్లు లేవు, పైన తీగ లేదు, ముందు వెళ్ళిన పెట్టె లేదు. కదులుతున్నామో ఆగామో కూడా తెలియలేదు. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని "సింహాద్రప్పన్నా, సింహాద్రప్పన్నా" అంటోంది. పాప ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఎదురు సీట్లో ఉన్న నేను నా చేతిసంచీ పట్టుకున్నాను.

దిగి నాలుగు మెట్లెక్కితే కాళ్ళ కింద గోడ ఉంది. మా ఊరి రోడ్డంత వెడల్పు, రెండు పక్కలా ఛాతీ ఎత్తున పళ్ళపళ్ళుగా పిట్టగోడ, తడిసి నల్లబడ్డ రాళ్ళు. కాస్త ముందుకి అది ఎక్కడికో ఎత్తుగా వెళ్ళి తెల్లగా మాయమైపోతోంది. వెనక్కి చూసినా అంతే. గొడుగులు పట్టుకున్న మనుషులు మంచులోంచి నెమ్మదిగా తయారై, మా పక్కనుంచి నడిచి, మళ్ళీ మంచులో కరిగిపోతున్నారు. వాళ్ళ మాటలు మాత్రం వాళ్ళకంటే ముందొచ్చి, వాళ్ళు పోయాక కూడా కాసేపు ఉంటున్నాయి.

అక్క నడుం మీద చెయ్యి వేసుకుని నాలుగు దిక్కులా చూసింది. "ఓలమ్మ! ఈ మంచు సూడ్డానికేటి ఇంత దూరం ఒచ్చేం? లంబసింగి బస్సెక్కితే సాలును కదే."

పాప పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో ప్రయాణంలో మొదటిసారి ముగ్గురం కాస్త తేలికపడ్డాం.

ఎన్నో ఏళ్ళుగా నేను ఈ గోడని బోర్డు మీద సుద్దముక్కతో గీస్తున్నాను. వంకరటింకర గీత ఒకటి, పక్కన పేరు. ఆ గీత మీద ఇలా చల్లగా జారుతుందని, ఇటుకల సందుల్లో నాచు ఉంటుందని, ఒక్కో మెట్టు జానెడు, ఒక్కోటి మోకాలెత్తు ఉంటుందని పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు. అరచేయి పెట్టి చూశాను. లోపల్నుంచి చలి వస్తోంది.

కొంచెం దూరం నడిచాక ఒక బురుజు వచ్చింది. గోడ మీదే కట్టిన చీకటి గది, చుట్టూ కమానుల కిటికీలు. ఒక కిటికీలోంచి మంచు లోపలికొచ్చి, గది మధ్యలో కాసేపు తిరిగి, ఇంకో కిటికీలోంచి బయటికి పోతోంది. ఇక్కడ సైనికులు కాపలా ఉండేవాళ్ళని పాప చెప్పింది.

అక్క గది మూలలన్నీ చూసి అడిగింది. "ఉండీవోరు సరే. ఏటి తినీవోరు? ఇంతెత్తుకి బియ్యమెవులు మోసీవోరు?"

"కింద లోయల్లో వాళ్ళే పొలాలు చేసుకునేవారంట అమ్మా. కాపలా లేని రోజుల్లో దున్నుకోవడం, ఉన్న రోజుల్లో ఇక్కడికి రావడం."

"మరైతే మనలాటోల్లే," అంది అక్క. అంతటితో ఆ గోడ ఆవిడకి పరాయిది కాకుండా పోయింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, పాప కొనిచ్చిన బూట్లతో అవతలి గుమ్మంలోంచి బయటపడి, గట్టు మీద నడిచినట్టు చకచకా పైకి ఎక్కడం మొదలుపెట్టింది. నాకు మోకాళ్ళు సహకరించలేదు. కిటికీ అరుగు మీద కూలబడ్డాను.

"పిన్నీ, నువ్విక్కడే కూర్చో. నేను అమ్మతో పైదాకా వెళ్ళొస్తా. కదలకు," అని పాప కూడా వెళ్ళిపోయింది.

కూర్చున్నాను. మంచు ముఖానికి తగులుతోంది, పైనుంచి చుక్కచుక్కగా నీళ్ళు కారుతున్నాయి. ఎప్పుడు రెప్ప పడిందో తెలీదు. మా ఇంట్లోనే ఉన్నాననుకున్నాను. గిన్నెలు తోముతున్నాను, పంపు కారుతోంది, పెద్దదీ చిన్నదీ ఇద్దరు పిల్లలూ పెరట్లో ఆడుకుంటున్నారు. నేను కనబడక చిన్నది పిలుస్తోంది.

"అమ్మా! ఎక్కడున్నావే?"

"ఇక్కడున్నానమ్మా!" అన్నాను. గట్టిగానే అన్నాను. నా గొంతు బురుజులో మోగి నాకే మెలకువ వచ్చింది.

ఆ మోత ఆగకముందే పైనుంచి, మంచులోంచి, అక్క గొంతు వినిపించింది. "ఒసే, ఈడున్నానే! ఈ పక్కకి రా!"

నిజంగా పిలిచింది పాపే. అక్క ఏదో పక్క అరుగు మీదికి వెళ్ళడంతో కనిపించక వెతుకుతోంది. నాకూ ఆవిడకీ మధ్యలో ఎక్కడో ఉంది. నాకు కనిపించడంలేదు. బూట్ల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. రెండు గొంతులూ విన్నాక ఆ చప్పుడు ఆగిపోయింది. ఆ ఆగడం ఎంతసేపో చెప్పలేను. మంచు కిటికీలోంచి వచ్చింది, పోయింది. తర్వాత చప్పుడు మళ్ళీ మొదలై, మెట్ల మీదుగా పైకి వెళ్ళింది.

అంత చలిలో నా చెంపలు కాలిపోయాయి. లేచి ఎటైనా వెళ్ళిపోదామనిపించింది. కదలొద్దంది కదా, కదల్లేదు.

కాసేపటికి ఇద్దరూ చేయీచేయీ పట్టుకుని దిగొచ్చారు. "పైన కూడా ఇదే మంచు సెల్లీ. నువ్వు రాకపోడమే మేలు," అంది అక్క. పాప నా భుజం మీద తడి తుడిచి, "చలేస్తోందా పిన్నీ?" అంది. లేదన్నాను.

తిరిగి రోప్‌వే దగ్గరికి నడుస్తుండగా గాలి వచ్చింది. ఎవరో అరిచారు, అందరూ ఆగారు. మంచు నిలువునా చీలి, కొండల మీద గోడ కనిపించింది. ఒక కొండ ఎక్కి, దిగి, ఇంకో కొండ ఎక్కి, బురుజు తర్వాత బురుజు, ఆకుపచ్చ అడవిలో లేతబూడిద రంగు దారి. దానికి చివరెక్కడా లేదు. ఫోన్లు తీసేలోగా తెర పడిపోయింది. నేను బోర్డు మీద గీసే గీత కూడా అలాగే వంకరగా ఉంటుందని తట్టి, ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కింద చిన్న హోటల్లో టమాటా, గుడ్డు వేసిన వేడి నూడిల్స్ తిన్నాం. డ్రైవర్‌ని కూడా పిలిచాం. అక్క సంచీలోంచి ఆవకాయ ప్యాకెట్ తీసి తనకి కొంచెం, ఆమెకి కొంచెం వేసింది. ఆమె ఒక ముద్ద తిని, ఎర్రబడి, ఆకుల నీళ్ళు గటగటా తాగి, మళ్ళీ గిన్నె ముందుకి తోసింది. అక్క మురిసిపోయింది.

అన్నాలయ్యాక డ్రైవర్ మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి పాపని ఏదో అడిగింది. పాప కాస్త ఆలోచించి, ముందు అక్కనీ తర్వాత నన్నూ చూపించి జవాబు చెప్పింది. ఆమె తలూపింది.

"ఏమంటోంది?" అన్నాను.

"మీ ఇద్దర్లో మా అమ్మెవరని అడిగింది. చెప్పాను." పాప నావైపు చూసి, చూపు గిన్నెలోకి దించుకుంది. "నిన్ను షెన్‌షెన్ అన్నాను. అంటే నాన్న తమ్ముడి భార్య. ఇంగ్లీషులో అందరూ ఆంటీలే కదా, వీళ్ళకి మనలాగే ఒక్కో వరసకీ ఒక్కో మాట ఉంది పిన్నీ."

బాగుంది, అన్నాను. ఆ మాట చెప్పుకోవడానికి మెత్తగా ఉంది. కారులో కూర్చున్నాక లోపల్లోపల రెండుమూడుసార్లు అనుకున్నాను. షెన్‌షెన్. నిజమే. పాప తప్పేమీ చెప్పలేదు. అయినా గుడి వచ్చేదాకా నేను కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాను. పక్కన అక్క నన్ను చూస్తోందని తెలుస్తూనే ఉంది.

గుడికి ముందు వెదురుతోట ఉంది. వాన వెలిసింది కానీ ఆకుల మీంచి నీళ్ళు ఇంకా రాలుతున్నాయి. గాలి వీస్తే గలగలమని ఒకటే రొద. అక్క ఆగిపోయి చెవి ఒగ్గింది. "కళ్ళు మూసుకుంటే మన సెరుకు మళ్ళో నిలబడ్డట్టున్నాది." ముగ్గురం కళ్ళు మూసుకుని నిలబడ్డాం. ఎవరో ముసలాయన పక్కనుంచి వెళుతూ మమ్మల్ని చూసి, తనూ ఒక్కక్షణం ఆగి కళ్ళు మూసుకున్నాడు.

దాన్ని ఎర్రనత్తల గుడి అంటారట. వెనకటికి స్వర్గంలోంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు భూమి చూడ్డానికి దిగారని, ఈ కొండ నచ్చి తిరిగి వెళ్ళలేక ఇక్కడే ఉండిపోయారని, రాత్రిళ్ళు ఎర్రనత్తలుగా మారి కొండంతా వెలుగు చిమ్మేవారని పాప కథ చెప్పింది. మామూలుగా అయితే ఇలాంటివి విన్నప్పుడు నేను చరిత్ర ఎంత, కల్పన ఎంత అని ఆరా తీస్తాను. ఆ రోజు అడగబుద్ధి కాలేదు. ఎర్రగోడలు, వంపు తిరిగిన పెంకుల కప్పులు, ముంగిట్లో మా తాతలకి తాతలంతటి చెట్లు, ఆ చెట్లకి విసనకర్రల్లాంటి చిన్న ఆకులు. అగరు పొగ నేలబారుగా పాకుతోంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండిపోయారంటే ఉండిపోయే ఉంటారు అనిపించింది.

కొండవాలు మీద మెట్లెక్కితే ఇంకో చిన్న గుడి ఉంది. అందులో అమ్మవారు. తెల్లటి విగ్రహం, సగం మూసిన కళ్ళు. పిల్లల్లేని వాళ్ళు ఈ తల్లికి మొక్కుకుంటారని పాప చెప్పింది. గుమ్మం పక్క కమ్మీకి ఎర్రగుడ్డ పేలికలు కట్టి ఉన్నాయి. ఒక పడుచుపిల్ల చంటిబిడ్డనెత్తుకుని వచ్చి, మొక్కు తీర్చుకుంటోంది కాబోలు, మోకాళ్ళ మీద కూర్చుని వంగి వంగి దండం పెడుతోంది. పాప అగరొత్తులు తెస్తానని కిందికి వెళ్ళింది. మేమిద్దరం రాతిబల్ల మీద కూర్చున్నాం.

అక్క అమ్మవారి వైపు చూడలేదు, ఆ చంటిబిడ్డనే చూస్తోంది. చూస్తూనే అంది.

"పొద్దున నువ్వు పలికేవు."

"నిద్రమత్తులో ఉన్నానక్కా. ఏదో కలలాంటిది."

"నానేమన్నేదే. పలికేవు అంటన్నాను, అంతే. నీకు గేపకమున్నదేటి, నర్సీపట్నం కాంప్లెక్సులో? బస్సు కిటికీలోంచి గుంటనందించేవు."

జ్ఞాపకం లేకపోవడమేమిటి. పాప పుట్టాక నేను మళ్ళీ స్కూల్లో చేరే రోజుల్లో, చూసుకోవడానికి అక్క మా ఇంటికి వచ్చి ఉంది. బారచాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది. ఆవిడ చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ పిల్ల ఏడవకుండా ఉండేది కాదు. కోతల రోజులు రావడంతో ఊరికి బయల్దేరింది. కాంప్లెక్సులో బస్సెక్కించడానికి పిల్లనెత్తుకుని వెళ్ళాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని పిల్ల పాదం పట్టుకుని ఊపుతోంది. బస్సు స్టార్టయింది. స్కూల్లో పరీక్షల పని నెత్తిమీద ఉంది. "ఒక వారం ఉంచుకో అక్కా" అని కిటికీలోంచి అందించాను. వారం తర్వాత మా ఆయన తీసుకురావడానికి వెళ్ళి, వాళ్ళిద్దరినీ చూసి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. నేను రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఒట్టి చేతులతోనే బస్సెక్కాను. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇమ్మనలేదు. దత్తత కాగితాలు ఎప్పుడో పాపని స్కూల్లో వేసేటప్పుడు రాసుకున్నాం.

"వారం అన్నావు నువ్వు," అంది అక్క. "ఆ వారం నాకు ఇంకా అవనేదే సెల్లీ. గుమ్మం కాడ ఆటో ఆగితే నువ్వే అనుకునీదాన్ని. ఇంటరయినాక మీయింటి కాడుండి మళ్ళీ కోచింగ్ తీసుకోమన్నావు గదా గుంటని. సీటొచ్చినా రాకపోయినా నీ కాడుంటే అది నీదయిపోతాదని బయమేసింది. అందుకే సైనా అంటే సైనా అన్నాను. మడి కవులుకిచ్చి మరీ అంపీసేను. ఇంత దూరమైతే నీకూ ఉండదు, నాకూ ఉండదు, అప్పుడింక బయమేటి అనుకున్నాను." పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎంత పిచ్చిదాన్నే. ఆరేళ్ళు నానూ సూడకుండా ఉన్నాను."

అప్పట్లో ఆవిడ కాదన్నందుకు నేను చాలా నొచ్చుకున్నాను. నా ఇల్లు, నా చదువు, నా సలహా ఆవిడకి గిట్టలేదనుకున్నాను. ఆవిడ నన్ను చూసి భయపడుతోందని ఒక్కసారి కూడా తోచలేదు. నన్ను చూసి భయపడేవాళ్ళు తొమ్మిదో తరగతి పిల్లలు తప్ప ఎవరూ ఉండరనుకునేదాన్ని.

"నేనెప్పుడైనా అడిగానా అక్కా?"

"అడగనేదు. అదేనే బయం. అడిగితే కాదనీదాన్నో అవుననీదాన్నో. అడగని మనిసికేటి సెప్తాం?" నావైపు తిరిగింది. "ఎందుకిచ్చేవే?"

ఈ ప్రశ్నకి నా దగ్గర చాలా జవాబులుండేవి. మా అమ్మకి ఒకటి చెప్పాను, తోటి టీచర్లకి ఒకటి చెప్పాను, మా పెద్దమ్మాయికి ఇంకొకటి చెప్పాను. అన్నీ నిజాలే. ఆ రాతిబల్ల మీద మాత్రం ఒక్కటీ నోటికి రాలేదు.

"తెలీదక్కా," అన్నాను. "బస్సు కదిలిపోతోంది. నువ్వు చేతులు చాపావు."

అక్క నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుని, ఇన్నేళ్ళ చేలపనితో గరుకెక్కిన అరచేతిని దాని మీద వేసింది. ఇద్దరం ఏడవలేదు. ఆ పడుచుపిల్ల మొక్కు ముగించుకుని లేచి, బిడ్డని భుజం మార్చుకుంటూ మాకేసి నవ్వింది. వాడి తల మీద టోపీ జారిపోతుంటే అక్క లేచి సర్దింది.

పాప ఒత్తులు తెచ్చింది. తలా మూడు వెలిగించి, అక్కడివాళ్ళలాగే నుదుటికి ఆనించుకుని వంగాం. అక్క ఏం మొక్కుకుందో బయటికే చెప్పింది: "తల్లీ, బయట సదివినోల్లు మన దేశంలో రాసీ ఆ పరీచ్చ కూడా మా గుంట పాసవ్వాల." నేను ఏమీ మొక్కుకోలేదు. పొగ కళ్ళలో పడింది.

తిరుగు ప్రయాణంలో సాయంత్రం వెలుగు రోడ్డు మీద పరుచుకుని ఉంది. తడి కొండల మీద మబ్బులు ముక్కలు ముక్కలుగా తేలుతున్నాయి. డ్రైవర్ రేడియోలో ఏదో పాట సన్నగా పెట్టింది. అక్క నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. ముందు సీట్లోంచి పాప వెనక్కి తిరిగి ఫోటో తీసింది.

పాప తిరిగొచ్చి, ఇక్కడి పరీక్ష మొదటిసారి తప్పి రెండోసారి గట్టెక్కింది. ఇప్పుడు విశాఖలో పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్. సెలవు దొరికితే ముందు ఎస్. రాయవరం వెళుతుంది, అది మారలేదు. నన్ను పిన్నీ అనే అంటుంది. అదీ మారలేదు, మారాలని నేను అనుకోవడంలేదు.

మొన్న ఒక శనివారం అక్క ఫోన్ చేసింది. "సెల్లీ, గుంటా నానూ బయల్దేరతన్నాం. రేత్రికి నీ కాడే ఉంటాం. బేగి వొండీ, ఆకలేస్తాది." ఆ పిల్లని తీసుకెళ్ళిన రోజు తర్వాత ఆవిడ మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా నిద్రచేయలేదు. ఏ పనిమీద వచ్చినా చీకటిపడేలోగా బస్సెక్కేసేది. నేను కంగారులో పప్పు మాడ్చేశాను. ముగ్గురం మాడిన పప్పే తిని, కబుర్లు చెప్పుకుంటూ హాల్లో చాపలు పరుచుకుని పడుకున్నాం.

పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి పక్కన పాప ఒక్కతే ఉంది, నోరు కొంచెం తెరుచుకుని, లోకం తెలియకుండా నిద్రపోతోంది. బయట చీపురు చప్పుడవుతోంది. తలుపు తీసి చూస్తే, అక్క మా వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, పిండి గిన్నె ఎక్కడ దొరికిందో ఏమో, వంగి ముగ్గు పెడుతోంది.